గుర్తు పెట్టమంటే గుంత తవ్వినాను

నేను చేసిన తప్పులన్నీ ఒకచోట పోస్తే, సీజన్లో మదనపల్లె టమోటా మార్కెట్టులో కనిపించే కుప్ప అంత అవుతాయి. వాటిలో చాలా మటుకు చితికి, కారిపోయి, ఏది ఏదో తెలీకుండా పోయినవే. ఒకటి మాత్రం ఇరవై ఏండ్లయినా మెత్తబడలే. దాన్ని ఈ రోజు మీ ముందర పెడతాండాను. మొదట్లో మీకు నవ్వొస్తుంది. మొహమాటపడకుండా నవ్వండి. చివరిదాకా నవ్వగలరో లేదో నేను చెప్పలేను. నాకైతే ఇంతవరకు చేతకాలే.

మదనపల్లెలో మా నాయనది ఇనప సామాన్ల అంగడి. మేకులు, గొళ్ళేలు, తీగచుట్టలు, గడ్డపారలు. నేను పుట్టింది మేకుల మధ్య, పెరిగింది మేకుల మధ్య. డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయినాక చేరింది కూడా ఆ మేకుల మధ్యకే. అయితే నాకు రేడియోలు విప్పే విద్య ఒకటి ఉండింది. బిగించే విద్య లేదు. మా వీధిలో నేను విప్పిన రేడియోలు కొన్ని ఇప్పటికీ విప్పినట్టే ఉండాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బెంగుళూరులో పాత సామాన్ల సంతకు పోయి, మా నాయన తెమ్మన్న తాళాలు మరచిపోయి, ఒక మిషను కొనుక్కోని వచ్చినాను. పొడుగు కర్ర, కర్ర చివర అన్నం తినే పళ్ళెం అంత తీగచుట్ట, పిడి దగ్గర ఒక డబ్బా. చుట్ట కింద మన్నులో లోహం ఏదుంటే డబ్బా కుయ్యోమని అరుస్తుంది. మా వీధిలో దాని పేరు కుయ్యో మిషను. మా నాయన దాన్ని కిందకీ మీదకీ చూసి, అంగడి నిండా ఇనుమే ఉండాది కదరా, ఇంకా యాల వెతకాల ఇనుము అని అడిగినాడు. ఆయనకు ఇదంతా అర్థం కాదులే అని నేనే సర్దుకున్నాను.

అరుపు చెవులున్న ఎవరికైనా వినిపిస్తుంది. అసలు విద్య ఏమిటంటే, వస్తువు కచ్చితంగా ఏ చోటులో ఉండాదో తేల్చడం. చుట్టను అటూ ఇటూ ఊపుతా పోయి, అరుపు ఎక్కువైన చోట నేల మీద ముగ్గుపిండితో ఒక గీత గీయాల. తర్వాత పక్కకు తిరిగి, అడ్డంగా ఊపుకుంటా వచ్చి ఇంకో గీత గీయాల. రెండు గీతలు కలిసిన చోట వస్తువు ఉంటుంది. అమ్మ డబ్బాలోని ముగ్గుపిండి మొత్తం ఇంటి వెనక దొడ్లో గీతలకే అయిపోయింది. మా అమ్మ చూసి, దొడ్లోకి ఏ దేవుడొస్తాడని ఇన్ని ముగ్గులు అని అడిగింది.

మొదటి పిలుపు కుప్పం నుంచి వచ్చింది. ఆడ మా చిన్నమ్మ ఇంటి పక్కన ఇల్లు కట్టిస్తాండే ఒకాయన ఉంగరం ఇసుక కుప్పలో జారిపోయింది. నేను పోయి రెండుసార్లు ఊపినాను, కుయ్యోమనింది, చెయ్యి పెడితే ఉంగరం వేలికి తగిలింది. అది నా విద్య కాదు, ఆ ఉంగరం మంచితనం. కానీ ఆ వీధిలోవాళ్ళు నన్ను ఇంజినీరు అన్నారు. ఇరవై మూడేండ్ల వయసులో ఆ మాట వింటే మనిషి నేల మీద నిలబడలేడు.

ఇంజినీరన్నాక బూట్లుండాల కదా. కుప్పం పక్కనే శాంతిపురంలో గ్రానైట్ పనిలో ఉండే నా స్నేహితుడు తన బూట్లు ఒక జత ఇచ్చినాడు. రాయి మీద పడినా కాలి వేళ్ళు నలగకుండా ముందరి భాగంలో లోపల ఇనప రేకు పెట్టిన బూట్లు. ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి. మీకు వెంటనే తట్టిన సంగతి నాకు తట్టేదానికి ఒక పగలంతా పట్టింది.

రెండో పిలుపు వాల్మీకిపురం దగ్గర ఒక రైతుది. ఎండిపోయిందని ఎప్పుడో మూత బిగించి మన్ను కప్పేసిన బోరు యాడుందో ఆయనకిప్పుడు తెలీలే. పక్క పొలంలో నీళ్ళు పడినాయని విని, తన పాత బోరును మళ్ళీ చూపించుకోవాలని ఆశపడినాడు. నేను బూట్లేసుకోని పొలంలోకి దిగినాను. అడుగేస్తే కుయ్యో, ఇంకో అడుగేస్తే కుయ్యో. గీతలు గీసి, ఈడ తవ్వండి అన్నాను. తవ్వినారు. ఏమీ లేదు. పక్కన తవ్వమన్నాను. అదీ తవ్వినారు. మధ్యాహ్నానికి ఆ పొలంలో ముప్పై గుంతలు పడినాయి. ఎలుకల దండు వచ్చిపోయినట్టు ఉండింది. ఓటమి ఒప్పుకోలేక, మీ భూమి కింద ఇనప గని ఉన్నట్టుందన్నా అని కూడా అనేసినాను. ఆ రైతు పార పక్కన పడేసి, నిజంగానే తన తమ్ముణ్ణి పిలుచుకోని వచ్చేదానికి ఊర్లోకి పోయినాడు.

గట్టు మీద కూర్చోని పొద్దున్నించి ఇదంతా చూస్తాండిన ఆయన అమ్మ, చూపు సరిగ్గా ఆనని ముసలామె, అప్పుడు నోరు తెరిచింది.

"ఆ పిల్లోడు కాలు ముందరికి పెట్టినప్పుడే అరస్తాండాది. ఆ బూట్లు ఇప్పించి సూడండి."

బూట్లు విప్పినాను. మిషను గమ్మునైపోయింది. ముప్పై చోట్ల నేను కనిపెట్టింది నా కాలి వేళ్ళనే. అసలు బోరు నేను పొద్దున నా సంచి పెట్టిన చోట కింద ఉండింది. ఆ కథ నాకంటే ముందు బస్సెక్కి మదనపల్లెకు వచ్చేసింది. అంగడికి మేకుల కోసం వచ్చినవాళ్ళు మేకులు తీసుకోని, పోతా పోతా నా కాళ్ళకేసి చూసి పోతాండిరి.

ఇంత అవమానం ఎందుకు చెప్పినానంటే, తర్వాత నేను చేసిన పనికి అదే కారణం. సాకు అనుకోవద్దు. సాకు చెప్పుకోగలిగిన పని కాదది.

ఆ తర్వాత రెండు నెలలకు ఒక రోజు, నలభై అయిదేండ్ల ఆడమనిషి అంగడి ముందర చాలాసేపు నిలబడింది. కొనేవాళ్ళందరూ పోయేదాకా ఆగి, లోపలికొచ్చింది. పేరు రెడ్డెమ్మ. చౌడేపల్లె పక్కన పల్లెనుంచి రెండు బస్సులు మారి వచ్చింది. మన్నులో పోయిన వస్తువును కనిపెట్టే మిషను ఈ అంగట్లో ఉండాదంట కదా అని అడిగింది. మా నాయన నన్ను చూపించినాడు. ఏం పోయిందమ్మా అని నేనడిగితే వెండిది, చిన్నది అనింది. ఎప్పుడు పోయిందంటే శానా ఏండ్లయిందనింది. ఎల్లుండి తన భర్త రెండు పొలాలు కలిపి చదును చేయించేదానికి జేసీబీని పిలిపిస్తాండాడంట. ఆలోపల అది యాడుండాదో తెలియాలంట.

ఇంక ఆమె అడిగింది ఒకటే. ఆ మాట మాత్రం ఆమె చెప్పినట్టే చెప్తాను.

"యాడుండాదో గుర్తు పెడితే చాలు నాయనా. తవ్వొద్దు."

సరేనన్నాను. ఆమె పోయినాక మా నాయన మేకులు తూస్తా, తల ఎత్తకుండా, ఆ అమ్మ ఎట్ల చెప్పిందో అట్ల చెయ్ అన్నాడు. నేను మాత్రం నా మనసులో వేరే లెక్కలో ఉండాను. చిన్న వెండి వస్తువు కోసం ఎవరైనా రెండు బస్సులు మారి వస్తారా? అది వెండి కాదు, బంగారు. నన్ను నమ్మక, నేను పోయినాక తనే తవ్వుకుంటుంది. ఇట్లాంటి తెలివి నాకు ఎప్పుడూ పుష్కలంగా ఉండింది.

మరుసటి రోజు పొద్దున్నే పుంగనూరు బస్సెక్కి, ఆడ దిగి ఆటోలో చౌడేపల్లె దాటి, పొలాల్లో నడిచి పోయినాను. ఈసారి చెప్పులు కూడా గట్టు మీదే వదిలి, వట్టి కాళ్ళతో దిగినాను. ప్రతి అడుగుకూ పల్లేరుకాయ గుచ్చుకుంటాంటే, శాస్త్రం కోసం ఇంత కష్టపడే మనిషి ఈ జిల్లాలోనే లేడని నన్ను నేను మెచ్చుకుంటా నడిచినాను. రెడ్డెమ్మ భర్త నారాయణప్ప పశువుల దాణా కోసం పుంగనూరు పోయిండాడని ఆమె చెప్పింది. ఆయన లేని రోజు చూసే నన్ను రమ్మనిందని నాకు అర్థమయింది. నా బంగారు లెక్కకు అది కూడా బాగా సరిపోయింది.

పొలం పల్లంగా ఉండే మూలకు నన్ను తీసుకపోయింది. ఈడ కానుగ చెట్టు ఉండేదంట, దాన్ని కొట్టేసినారు, చెట్టు నీడ పడే చోట అంట అనింది. గుర్తుకు ఒక రాయి కూడా పెట్టినారంట, గట్టు మళ్ళీ వేసినప్పుడు ఆ రాయి దాంట్లో కలిసిపోయింది. ఆమె మాటల్లో అన్నీ 'అంట'లే. తను పోగొట్టుకున్న వస్తువైతే 'అంట' అని ఎందుకు అంటుంది? మీరైతే అప్పుడే అడిగుంటారు. నేను మిషను ఆన్ చేసినాను.

మొదట నాగలి కర్రు ముక్క ఒకటి అరిచింది. తర్వాత ఎద్దు కాలి లాడం. ఆమె వాటిని తీసి పక్కన పెట్టి, ఇవి కాదు, ఇంకా చూడు నాయనా అనింది. రెండు గంటలు ఊపినాను. భుజం పడిపోయింది. అప్పుడు గట్టుకు పది అడుగుల దూరంలో చానా సన్నగా ఒక అరుపు వచ్చింది. ఇనుము అరిచినట్టు గట్టిగా లేదు. మెత్తగా, తీగ లాగినట్టు. గీత గీసినాను. పక్కకు తిరిగి ఊపి ఇంకో గీత గీసినాను. రెండూ కలిసిన చోటు మీద ఇంకోసారి, ఇంకోసారి చూసినాను. నా జీవితంలో అంత కచ్చితంగా నేను చేసిన పని ఇంకొకటి లేదు. అదే నా కర్మ.

ఇదేనా, తప్పు పోదు కదా అని ఆమె అడిగింది. బెత్తెడు కూడా తేడా ఉండదమ్మా అన్నాను. ఆమె ఆ గీతలకేసి కొంచేపు చూసింది. తర్వాత గట్టులోనుంచి నాలుగు రాళ్ళు పీకి తెచ్చి, చుట్టూ ఒద్దికగా పెట్టింది. ఎండలో మాడిపోయినావు, మజ్జిగ తెస్తాను, కూర్చో నాయనా, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు అని చెప్పి ఇంటికేసి పోయింది.

నేను కూర్చున్నాను. కూర్చుంటే బుద్ధి పని చేస్తుందంటారు, నాది చెడిపోయింది. ఇది కూడా ఏ సోడా మూతో అయితే? రేపు ఈమె తవ్వి చూసి, మదనపల్లె మేకుల అంగడి పిల్లోడు సోడా మూత చూపించినాడని చెప్తే? వాల్మీకిపురం కథకు రెండో భాగం వచ్చేస్తుంది. ఒక్కసారి చూసి, మళ్ళీ మన్ను కప్పేస్తే ఎవరికి తెలుస్తుంది? ఇంత ఆలోచించినాక కూడా నాకు సిగ్గు రాలే. చిన్న పార తీసుకోని రాళ్ళు పక్కకు జరిపినాను.

ఏండ్ల తరబడి వాననీళ్ళు ఆ పల్లం మీదుగానే బయటికి పారి పైమన్ను కొట్టుకపోయింది కాబట్టి ఎక్కువ లోతు పోలే. మోచెయ్యి లోతులో చేతికి తగిలింది. నల్లగా, గుండ్రంగా, నా రెండు వేళ్ళు మాత్రమే పట్టేంత కడెం. చొక్కాకేసి రుద్దితే ఒకపక్క తెల్లగా మెరిసింది. వెండే. నా లెక్క తప్పినందుకు కొంచెం నిరాశపడినాను, అది కూడా దాచకుండా చెప్తాండాను. కానీ సోడా మూత కాదు. నేను గెలిచినాను. అప్పుడే ఆమె చెంబు పట్టుకోని గట్టు మీద వస్తా కనిపించింది. నేను లేచి నిలబడి, ఆ కడేన్ని చెయ్యెత్తి ఊపుతా, దొరికిందమ్మా, వెండిదే అని కేకేసినాను. ఒక కాలి మీద ఎగిరినాను కూడా. పల్లేరుకాయ గుచ్చుకున్నా ఎగిరినాను.

ఆమె గట్టు మీదే ఆగిపోయింది. చెంబును వంగి కింద పెట్టింది, ఒక్క చుక్క ఒలకలే. చేతులు చీరకు తుడుచుకుంది. నిదానంగా నా దగ్గరకొచ్చి రెండు చేతులూ చాపింది. నేను కడేన్ని ఆ చేతుల్లో పెట్టినాను. ఆమె దాన్ని చూడలే. నేను తవ్విన గుంతలోకి చూసింది.

"ఇది నా బిడ్డదప్పా" అనింది.

నాకు వెంటనే అర్థం కాలే. ఎంత మొద్దునంటే, పాప పారేసుకునిందా అని అడగబోయినాను. నోట్లోనుంచి మాట రాకపోవడం ఆ రోజు నాకు జరిగిన ఒకే ఒక్క మంచి.

ఆమె గుంత పక్కన కూర్చోని చెప్పింది. ఆడబిడ్డ. తొమ్మిది నెలలది. నిలబడేదానికి గోడ పట్టుకుంటాండె. మూడు రోజుల జ్వరంలో పోయింది. కాలి కడేలు తీసేయమని ఎవరో అంటే, తనకు చేతులు రాలేదంట, అట్లే పంపించేసింది. చిన్న బిడ్డను పూడ్చేదానికి మగవాళ్ళే పోతారు, తల్లి ఇల్లు దాటకూడదు. నారాయణప్ప, ఆయన నాయన వచ్చి ఈ పొలంలో పెట్టి పోయినారు. చెట్టు నీడ, గుర్తు రాయి అని ఆ ముసలాయన ఎవరితోనో అంటాంటే ఆమె విన్నదే, ఆయన పోయి చానా ఏండ్లయింది. భర్తను అడిగేదానికి ఆమెకు నోరు రాలే. ఇరవై రెండేండ్లు ఈ పొలంలో నాటింది, కలుపు తీసింది, కోసింది. యాడ కాలు పెడితే ఏమౌతుందో అని ఈ మూలంతా తప్పించుకోని నడిచింది. జేసీబీ వస్తాందని తెలిసినాక తట్టుకోలేక, ఆ ఒక్క చోటును ముట్టుకోకుండా చూసుకోవాలని, నా దగ్గరకొచ్చింది.

ముట్టుకోకుండా. దానికోసం ఆమె పిలిపించింది నన్ను.

నేను ఏదో అనాలని చూస్తాండగా టీవీఎస్ బండి చప్పుడు వినిపించింది. నారాయణప్ప దాణా మూట దించకుండానే పొలంలోకి దిగి వచ్చినాడు. తన పొలంలో ఎవడో తెలీనివాడు పార పట్టుకోని నిలబడుంటే ఎవరైనా అరుస్తారు. ఎవరప్పా నువ్వు అని మొదలుపెట్టి, ఆయన భార్య చేతిలోకి చూసి ఆగిపోయినాడు. తలగుడ్డ తీసినాడు. కాళ్ళు మడిచి మన్నులో కూలబడినాడు.

నేను పరిగెత్తుదామా అనుకున్నాను, చెప్పులు గట్టు మీద ఉండాయి. సరిగ్గా అప్పుడు, నేను ఆపడం మరచిపోయిన మిషను పక్కన పడుంటే, రెడ్డెమ్మ కాలు కొంచెం జరిపింది. ఆమె మెట్టెలు దగ్గరకు రాగానే కుయ్యోమని అరిచింది. ఆపబోయి దాన్ని ఇంకా దగ్గరకు జరిపినాను. ఇంకా గట్టిగా అరిచింది. స్విచ్చు దొరకలే. డబ్బా విప్పి బ్యాటరీలు పీకేసినాను. అవి గుంత అంచుదాకా దొర్లుకుంటా పోయినాయి. వాళ్ళిద్దరూ నన్ను చూడను కూడా లేదు. ఎవరైనా తిట్టుంటే బాగుండు.

నారాయణప్పే ముందు మాట్లాడినాడు.

"నాకు తెలుసు ఈ చోటు. జేసీబీవానికి చెప్పిండాను, ఈ మూల వదిలిపెట్టమని."

"నాకు యాల చెప్పలే?"

"నువ్వు అడగలే కదా."

"అడిగితే నీకు కష్టమని అడగలే."

ఆయన తలగుడ్డతో మొహం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను అటు తిరిగి నిలబడినాను.

కొంచేపటికి రెడ్డెమ్మ కడేన్ని పైట కొంగుతో తుడిచింది. నేను తవ్విన గుంతలోకి చెయ్యి పెట్టి, అడుగున దాన్ని తనే పెట్టింది. అప్పుడు పెట్టనీలేదు కదా అని మాత్రం అనింది, భర్తతోనో, తనతోనో. మన్ను ముగ్గురం చేతుల్తోనే పోసినాము. పార ముట్టుకునేదానికి నాకు ధైర్యం లేకపోయింది. ఆ నాలుగు రాళ్ళు నారాయణప్ప మళ్ళీ పెట్టినాడు.

తర్వాత ఆమె లేచి పోయి చెంబు తెచ్చి నాకిచ్చింది. ఎండకు వచ్చినావు, తాగు నాయనా అనింది. నేను ఆమె మాట కాదని, ఆమె బిడ్డ చోటు తవ్వి, ఎగిరి కేకలేసినవాణ్ణి. నాకు మజ్జిగ. మొత్తం తాగినాను, వద్దనేదానికి కూడా నాకు అర్హత లేదనిపించి.

ఇంటికొచ్చేసరికి అంగడి మూసే వేళ. దొరికిందా అని మా నాయన అడిగినాడు. దొరికింది అన్నాను. తవ్వినావా అన్నాడు. తవ్వినాను అన్నాను. మా నాయన నా మొహం చూసినాడు. సంచిలోని మిషను తీసుకపోయి అటక మీద, పాత త్రాసు వెనక పెట్టినాడు. దాన్ని మళ్ళీ నేను దించలే.

అయిదారు నెలలకు నారాయణప్ప అంగడికి వచ్చినాడు. ఆ మూలకు చిన్న కంచె వేస్తాండాడంట, ముళ్ళతీగ కావాలన్నాడు. నేను కౌంటర్ కిందకు దూరిపోదామనుకున్నాను, పట్టలే. తీగచుట్ట బండికి కట్టిచ్చినాను. ఆయన బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపి, వెనక్కి తిరిగినాడు.

"మా ఆడామె నిన్ను అడగమనింది. ఒకసారి వచ్చిపో. అన్నం తినిపోదువు. ఆ మిషను మాత్రం తేవద్దు."

నవ్వుతా అన్నాడో, గట్టిగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. పోయినాను. రాగిసంగటి, చిక్కుడుగింజల పులుసు పెట్టినారు. వాళ్ళిద్దరూ ఆ పాప గురించి మాట్లాడుకుంటానే ఉండారు. గోడ పట్టుకోని ఎట్ల నిలబడేదో ఆయన చూపిస్తాంటే, అట్ల కాదు ఇట్ల అని ఆమె సరిచేసింది. నేను తల వంచుకోని తిన్నాను.

ఇప్పుడు ఆ అంగడి నాది. జుట్టు నెరిసింది, బుద్ధి ఎంత నెరిసిందో మీరే చెప్పాల. కనుక మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊర్ల ముందర, నేనమ్మే మేకులన్నిటి మీదా చెయ్యి పెట్టి, స్నానం చేసి పొడిబట్టలు కట్టుకోని మరీ ప్రమాణం చేస్తాండాను. మన్నులో ఏదన్నా వెతికిపెట్టమని ఇంకెవరైనా నా అంగడి మెట్లెక్కితే, ఏం పోయిందని అడగను. ముందు వాళ్ళను కూర్చోబెట్టి, ఎవరు పోయినారని అడుగుతాను.